స్త్రీల వైపు గాలి

రేపల్లె శివారులో ఉన్న ఆ లూథరన్ గుడిలో ఆడవాళ్లు కుడివైపు కూర్చుంటారు, మగవాళ్లు ఎడమవైపు. పాత పెంకుల గుడిని పడగొట్టి, ఆ స్థలంలోనే స్లాబుతో పెద్ద గుడి కట్టాక కూడా ఆ పద్ధతి మారలేదు. అయితే కొత్త గుడిలోకి వచ్చిన మొదటి వేసవి నుంచే ఆడవాళ్ల వైపు కూర్చోవడం కష్టమైపోయింది. ఆరాధన మొదలైన కాసేపటికే కుడివైపంతా చీర కొంగులు, పాటల పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, చేతికి ఏది దొరికితే అది ఊగుతూ ఉండేవి. ఎడమవైపు మగవాళ్లు మాత్రం నిమ్మళంగా ప్రసంగం వినేవారు.

దీనికి ఎవరి కారణాలు వాళ్లకు ఉన్నాయి. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకొస్తారు కాబట్టి ఉక్కపోస్తుందని మగవాళ్లు అనేవారు. పిల్లలంతా తమ వైపే ఉంటారు కాబట్టి కిటకిటగా ఉంటుందని ఆడవాళ్లలో కొందరు సర్దుకునేవారు. నిర్మలకు మాత్రం ఈ రెండూ సరిపోలేదు. ఆమె ఎప్పుడూ నూలు చీరే కడుతుంది. ఆమె వరసలో పిల్లలూ తక్కువే. అయినా ఆమె రవిక వీపంతా తడిసిపోయేది.

ఒక మే నెల ఆదివారం, ఇంటికి వెళ్తూ స్కూటరు మీద వెనక కూర్చుని భర్తను అడిగింది.

"ఏవండీ, ఇవాళ మీకు ఉక్క పోయలేదా?"

"వేసవి కదా, కొంచెం ఉంటుంది," అన్నాడు రాజ్ కుమార్. అతను పొన్నూరులో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. వేడి అంటే మిల్లులో బాయిలరు దగ్గర ఉండేదే వేడి అతని దృష్టిలో.

"కొంచెమేనా?"

"గాలి బాగానే వచ్చింది. పక్క కిటికీలోంచి చల్లగా తగిలింది కూడా."

"అదే గుడి, అదే కప్పు, అవే ఫ్యాన్లు. మాకెందుకు లేదు మరి?"

"నువ్వు ఊరికే ఆలోచిస్తావు," అన్నాడతను. ఆ మాట నిజమే. నిర్మల చిన్నప్పటినుంచీ ఊరికే ఆలోచించే మనిషి.

ఆమె తండ్రి వేమూరు దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. ఇంట్లో ఉతికిన బట్టలు దండెం మీద వేస్తే ఆలస్యంగా ఆరేవి, పడమటి గోడ దగ్గర వేస్తే త్వరగా ఆరేవి. ఎందుకని తల్లిని అడిగితే గోడ వేడిగా ఉంటుంది కదా అంది. మరి మబ్బు పట్టిన రోజు కూడా అక్కడే ఎందుకు త్వరగా ఆరుతున్నాయని ఈ పిల్ల ప్రశ్న. రెండు స్కూలు లంగాలు ఒకేలా పిండి, ఒకటి దండెం మీద, ఒకటి గోడ దగ్గర వేసి, అన్నం తినడం కూడా మానేసి మధ్యమధ్య తడిమి చూసింది. గోడకు, పక్కింటివాళ్ల గడ్డివాముకు మధ్య ఇరుకు సందులోంచి గాలి జోరుగా వస్తోందని సాయంత్రానికి కనిపెట్టింది. ఆ రోజు రెండు లంగాలకీ మట్టి అంటుకుని తిట్లు తింది. దాని గురించి ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఆ తరవాత సివిల్ డిప్లొమా చదివింది. పెళ్లయి రేపల్లె వచ్చాక, తెనాలిలో బోసు రోడ్డు పక్క సందులో విజయసారథిగారి ప్లాన్ల ఆఫీసులో చేరింది. రోజూ ఉదయం రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. ఏళ్ల తరబడి ఆమె గీసినవి ఇళ్ల ప్లాన్లు. ఆగ్నేయంలో వంటగది, నైరుతిలో పడకగది, మెట్ల కింద ఇన్వర్టరుకు చోటు. తరవాత గుంటూరు, విజయవాడల్లో పెద్ద భవనాలు కట్టేవాళ్లు కరెంటు ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క కట్టి చూపించాల్సి రావడంతో, విజయసారథిగారు ఒక ఎనర్జీ సిమ్యులేషన్ ప్రోగ్రాం తెప్పించారు. ఆఫీసులో కుర్రాళ్లు నేర్చుకుంటారని ఆయన అనుకుంటే, నలభై దాటిన నిర్మల నేర్చుకుంది. గోడ మందం, కప్పు రకం, కిటికీలు, లోపల ఉండే మనుషులు, ఆ ఊళ్లో ఏడాది పొడుగునా ఎండ ఎలా ఉంటుందో, అన్నీ ఇస్తే గదిలో ఏ గంటకు ఎంత వేడి ఉంటుందో ఆ ప్రోగ్రాం చెబుతుంది. కట్టని భవనంలో ఉక్కను ముందే చూడగలగడం ఆమెకు భలేగా తోచింది.

ఆ మే నెలలోనే ఒక సాయంత్రం, ఆఫీసు పని అయ్యాక, తమ గుడిని ఆ ప్రోగ్రాంలోకి ఎక్కించింది. పాస్టరుగారిని అడిగి ప్లాను తెచ్చుకుంది. కొలతల్లో అనుమానం వచ్చిన చోట తనే టేపు పట్టి కొలిచింది. ఆదివారం ఉదయానికి హాలంతా ఎంత వేడెక్కుతుందో లెక్క వచ్చింది. ముప్పై ఆరు డిగ్రీలు.

"ఎవరి వైపు?" అని పైకే అనుకుంది.

ప్రోగ్రాం దగ్గర దానికి జవాబు లేదు. ఆ లెక్కలో ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు అనేవి లేవు. హాలు మొత్తానికి ఒకటే అంకె.

మర్నాడు విజయసారథిగారికి చూపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "అమ్మాయ్, ఈ ప్రోగ్రాం గదిలో గాలిని బాగా కలిపిన చారులాగా చూస్తుంది. గరిటె ఎక్కడ ముంచినా ఒకటే రుచి. నీక్కావలసింది గాలి ఎటునుంచి ఎటు పోతుందో చెప్పే లెక్క. అది వేరే. బాపట్లలో మా అక్క కొడుకు దత్తు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. వాడి పనంతా అదే. ఒకసారి వెళ్లి కలువు."

ఆ శనివారమే నిర్మల తెనాలిలో బాపట్ల బండి ఎక్కింది. దత్తు ముప్పై ఏళ్ల సన్నటి మనిషి. ధాన్యం గోడౌన్లలో గాలి ఎలా కదులుతుందో దాని మీద పరిశోధన చేశాడు. నిర్మల చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విని, చివర ఒక్కటే అడిగాడు.

"గోడలు, కప్పు లోపలి వైపు ఎంత వేడిగా ఉంటాయండి? అది చెబితే గాలి ఎలా తిరుగుతుందో నేను చెప్పగలను."

"అది నా ప్రోగ్రాం చెబుతుందండి."

"బావుంది. మరి హాల్లోకి గంటకు ఎంత గాలి వస్తుందో మీ ప్రోగ్రాంకి ఎవరు చెప్పారు?"

నిర్మల తడబడింది. "నేనే చెప్పానండి. భవనాల కోడ్ పుస్తకంలో ఇలాంటి హాలుకి ఎంత ఉండాలో అంత వేశాను."

"అంటే, ఉండాల్సింది వేశారు. ఉన్నది కాదు."

"ఉన్నది ఎంతో నాకేం తెలుస్తుందండి? అది మీరు చెప్పాలి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆమె లెక్కకు గాలి తెలియదు, అతని లెక్కకు వేడి తెలియదు. ఇద్దరూ తెలియనిదాన్ని తోచినంత అనుకుని పని కానిస్తున్నారు. నిజానికి ఆ రెండూ విడివిడిగా ఉండేవి కావు. గోడ వేడిని బట్టి గాలి లేస్తుంది. లేచిన గాలి గోడ వేడిని లాక్కుపోతుంది. అప్పుడు గోడ వేడి మారుతుంది, దాంతో గాలీ మారుతుంది.

ఆసక్తి కొద్దీ దత్తు ముందు తన లెక్క ఒక్కటే వేసి చూశాడు. హాలును లక్షల చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోంచి పక్క గడిలోకి గాలి ఎంత పోతుందో కట్టే లెక్క అది. గోడలన్నీ ఒకే వేడిగా ఉన్నాయనుకున్నాడు. వేసవి ఉదయాల్లో ఆ ప్రాంతంలో వీచేది పడమటి గాలి. గుడి దక్షిణం వైపు వాకిలి, ఉత్తరాన బలిపీఠం. కాబట్టి పడమర మగవాళ్ల వైపు, తూర్పు ఆడవాళ్ల వైపు. మగవాళ్ల కిటికీల్లోంచి వచ్చిన గాలి తిన్నగా హాలు దాటి ఆడవాళ్ల కిటికీల్లోంచి బయటికి పోతున్నట్టు తేలింది.

రెండు రోజుల తరవాత ఫోన్ చేశాడు. "నిర్మలగారూ, లెక్క ప్రకారం మీ వైపు కూడా గాలి బాగానే ఉందండి. దాదాపు వాళ్లకు ఉన్నంత."

"మరి నా వీపు తడవడం అబద్ధమా?"

"వీపు అబద్ధం చెప్పదండి. నా లెక్కలోనే ఏదో లేదు. ఒకసారి వచ్చి చూస్తాను."

పాస్టరుగారి అనుమతితో ఒక పనిరోజు ఉదయం దత్తు రేపల్లె వచ్చాడు. సంఘ పెద్ద మత్తయిగారు తాళం తీశారు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. గుడి కట్టించడంలో ఎండల్లో నిలబడి పని చేయించిన మనిషి. దత్తు సంచిలోంచి వేడి కొలిచే చిన్న మీటర్లు తీసి రెండు వైపులా పెట్టించాడు. తరవాత గాలి దారి కంటికి కనిపించాలని అగరొత్తుల ప్యాకెట్టు తీశాడు.

మత్తయిగారు ఒక అడుగు ముందుకు వేశారు. "బాబూ, అవేంటి?"

"పొగ ఎటు పోతుందో చూడ్డానికండి."

"గుడిలో అగరొత్తులు వెలిగించం నాయనా మేము."

దత్తు నాలుక కరుచుకున్నాడు. "క్షమించండి, ఆలోచించలేదు. మా ల్యాబులో అలవాటు."

"తప్పేం లేదులే. వేరే ఏదైనా చూడండి," అన్నారాయన మెత్తగానే.

నిర్మల పాస్టరుగారు అంగీ మార్చుకునే వెస్ట్రీ గదిలోకి వెళ్లి, కిందటి క్రిస్మస్‌కు కట్టిన తళుకు కాగితపు తోరణాలు పట్టుకొచ్చింది. వాటిని సన్నగా చీల్చి కిటికీలకు, స్తంభాలకు, పొడుగు కర్ర సాయంతో కప్పు దూలాలకు కూడా వేలాడదీశారు. ఫ్యాన్లు ఆపి ముగ్గురూ మధ్యలో నిలబడి చూశారు. కింద ఉన్న కాగితాలు తూర్పుకే ఒరిగాయి. దత్తు లెక్క చెప్పిందీ అదే. కప్పు దగ్గర ఉన్నవి కూడా తూర్పుకే ఒరిగాయి కానీ, ఆడవాళ్ల వైపు గోడ దగ్గరకొచ్చేసరికి వేలాడేవి ఎటూ కదలడం లేదు. ఒకటి రెండు వెనక్కి కూడా తిరుగుతున్నాయి.

"పైన గాలికి బయటికి దారి లేదు," అంది నిర్మల.

కిటికీల పైన, పాత గుడిలో అయితే గాలి గవాక్షాలు ఉండేవి. కొత్త గుడిలో ఆ చోట రంగు అద్దాలు బిగించారు. ఒక్కో అద్దం మీద ఒక్కో కుటుంబం తమవాళ్ల జ్ఞాపకంగా పేరు రాయించింది. ఉదయపు ఎండలో ఆ రంగులు ఆడవాళ్ల చీరల మీద పడుతుంటే చూడముచ్చటగా ఉండేది. కానీ అవి తెరుచుకోవు.

ఇప్పుడు రెండు లెక్కల్నీ కలపాలని ఇద్దరికీ గట్టిగా అనిపించింది. పని విభజన తేలిగ్గానే కుదిరింది. నిర్మల ప్రోగ్రాం కప్పు, గోడలు ఎంత వేడెక్కాయో చెబుతుంది. దత్తు దాన్ని తీసుకుని గాలి ఎలా తిరుగుతుందో, ఏ గోడ నుంచి ఎంత వేడి లాగుతుందో కడతాడు. అది నిర్మలకు పంపితే ఆమె గోడల వేడిని మళ్లీ కడుతుంది. ఇద్దరి అంకెలూ మారకుండా నిలబడేదాకా అలా పంపుకోవాలి.

అంకెలు నిలబడలేదు. నిర్మల కప్పు బాగా వేడిగా ఉందని పంపితే, దత్తు లెక్కలో గాలి జోరెక్కి కప్పును బాగా చల్లార్చేసేది. చల్లటి కప్పు అంకె వెనక్కి వస్తే ఈసారి గాలి మందగించేది, కప్పు మళ్లీ కాలిపోయేది. అటూ ఇటూ ఊగడమే తప్ప ఒక చోట ఆగడం లేదు. నిర్మల రైల్లో కూడా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అదే చూసేది. భట్టిప్రోలులో ఎక్కే కాయగూరల కుమారి, "ఏంటమ్మా, పరీక్షలా?" అని అడిగేది.

"ఇద్దరం ఎక్కడో తప్పు చేస్తున్నామంటారా?" అని ఫోన్‌లో అడిగింది నిర్మల.

"తప్పు కాదక్కా, తొందర," అన్నాడు దత్తు. అప్పటికి గారూ పోయి అక్కా వచ్చింది. "ఇరుకు వాకిట్లో ఇద్దరు ఎదురుపడితే ఏమవుతుంది? ఇద్దరూ ఒకేసారి ఒకే పక్కకి జరుగుతారు. మళ్లీ ఎదురుపడతారు. కొంచెం కొంచెం జరిగితే దారి దొరుకుతుంది. నేను పంపిన మార్పు మొత్తం తీసుకోకు. సగమే తీసుకో. నేనూ అంతే."

సగం సగం తీసుకోవడం మొదలుపెట్టాక ఊగడం తగ్గింది. తరవాత తరవాత తేడా పిసరంతే మిగిలింది. ఒక మధ్యాహ్నం దత్తు ఒక బొమ్మ పంపాడు. హాలును అడ్డంగా కోసి చూస్తే ఎలా ఉంటుందో అలా. వేడి ఉన్న చోట ఎరుపు, చల్లగా ఉన్న చోట నీలం. ఎడమవైపు నీలం. మధ్యకు వచ్చేసరికి పచ్చన. కుడివైపు, మనిషి కూర్చుంటే తల ఉండే ఎత్తు దాకా ఎరుపు దిగి ఉంది.

నిర్మల ఆఫీసులో ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. గాలి వస్తోందన్న దత్తు మొదటి మాటా నిజమే, తన వీపు చెప్పిందీ నిజమే. ఆడవాళ్ల వైపుకు గాలి వస్తోంది. కానీ అది ముందు మగవాళ్ల ఒళ్ల మీదుగా, కాలుతున్న స్లాబు కిందుగా వచ్చిన గాలి. వాళ్ల వేడి మోసుకుని వస్తోంది. దానికి తూర్పు గోడ మీద పొద్దుటెండ తోడవుతోంది. పైకి లేచిన వేడి గాలి రంగు అద్దాల దగ్గర ఆగిపోతే, దాన్ని ఫ్యాన్లు మళ్లీ ఆడవాళ్ల నెత్తిమీదికే కొడుతున్నాయి. ఆరాధన ముగిసి అందరూ బయటికొచ్చేవేళకు సముద్రపు గాలి తిరుగుతుంది, అప్పుడు గుడి ఖాళీ.

"మేము వాడేసిన గాలా మీకొచ్చేది?" అన్నాడు రాజ్ కుమార్ ఆ బొమ్మ చూసి. "అయినా కంప్యూటర్లో ఎరుపు వేసినంత మాత్రాన అయిపోతుందా?"

సంఘ కమిటీలోనూ అదే మాట వచ్చింది. అప్పటికే వాళ్లు ఆడవాళ్ల వైపు మరో నాలుగు ఫ్యాన్లు పెడదామని అనుకుంటున్నారు. ఫ్యాన్లు పెంచితే పైన ఆగిన వేడి ఇంకా కిందికి దిగుతుందని నిర్మల చెప్పింది. అద్దాలు తెరుచుకునేలా మారిస్తే చాలునంది.

మత్తయిగారి మొహం మారింది. తూర్పు గోడ మీద మొదటి అద్దం ఆయన భార్య దానమ్మగారి పేరు మీద ఉంది.

"అద్దాలు తీసేయమంటావా అమ్మా?" అన్నారు.

"తీసేయమని కాదు మత్తయిగారూ. తెరుచుకునేలా..."

"పగిలితే? ఎవరి లెక్క ఎంత నిజమో తెలియకుండా గోడ మీద చెయ్యి వేయడం నాకిష్టం లేదు." ఆయన కోపంగా అనలేదు. నిజంగానే ఆమె దగ్గర ఉన్నది ఒక బొమ్మ మాత్రమే. మీటర్లు చూపించిన తేడా ఖాళీ గుడిది. మనుషులతో నిండిన గుడిలో సంగతి ఎవరూ కొలవలేదు.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు కృపమ్మగారు అంతదాకా ఊరుకుని, అప్పుడు నోరు విప్పారు. "ఒక పని చేద్దాం. వచ్చే ఆదివారం మేము ఆ వైపు కూర్చుంటాం, మీరు ఈ వైపు కూర్చోండి. ఒక్క వారమే."

కమిటీలో ఒకాయన గొంతు సవరించుకున్నారు. దేవుని వాక్యంలో ఎక్కడా ఎవరు ఏ వైపు కూర్చోవాలో లేదు కదా అని పాస్టరుగారు మెల్లగా అన్నారు. ఆయన చిరునవ్వు ఆపుకుంటున్నారని నిర్మలకు అనిపించింది.

ఆ ఆదివారం రేపల్లెలో ఎండ మామూలుగానే ఉంది. దత్తు కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. రెండు వైపులా మీటర్లు పెట్టారు. జనం వాకిలి దాటి లోపలికొచ్చి అలవాటుగా తమ వైపుకు నడిచి, సగం దూరంలో గుర్తొచ్చి ఆగి, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ మారారు. ముసలివాళ్లు సిగ్గుపడ్డారు. చిన్నపిల్లలకు అంతా ఆటలా ఉంది. మత్తయిగారు తన భార్య పేరున్న అద్దం కిందే కూర్చున్నారు.

మొదటి కీర్తన అయ్యేసరికి మగవాళ్ల జేబురుమాళ్లు బయటికొచ్చాయి. వాక్యపఠనం వేళకు చొక్కా గుండీలు ఒకటి రెండు విప్పుకున్నారు. నిర్మల ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంది. పడమటి గాలి చెంపకు తగులుతుంటే, ఇన్నాళ్లూ ఇక్కడ ఇలా ఉందా అని ఆశ్చర్యపోయింది. కృపమ్మగారు కొంగు ముడి వేసి ఒళ్లో పెట్టుకున్నారు. దానితో ఆమెకు పని పడలేదు.

ప్రసంగం సగంలో ఉండగా కుడివైపు నుంచి ఒకతను లేచి బయటికి వెళ్లాడు. కాసేపటికి ఇంకో ఇద్దరు. తరవాత రాజ్ కుమార్. ప్రసంగం చివరికొచ్చేసరికి కుడివైపు బల్లల్లో చాలా ఖాళీలు కనబడ్డాయి. బయట వేపచెట్టు నీడన మగవాళ్లు గుంపుగా నిలబడి చొక్కాలు దులుపుకుంటున్నారు.

ఆరాధన అయ్యాక దత్తు మీటర్లు చూసి తల గోక్కున్నాడు. "అక్కా, మనం అనుకున్నంత తేడా రాలేదు. సగమే వచ్చింది. మన లెక్క ఎక్కడో ఎక్కువ చూపిస్తోంది."

నిర్మలకు ముందు నిరాశ కలిగింది. తరవాత ఖాళీ బల్లల వంక చూసింది.

"దత్తూ, మన లెక్కలో కుడివైపు ఎంతమందిని కూర్చోబెట్టాం?"

"నిండుగా."

"వీళ్లు లేచి వెళ్లిపోయారు కదా. ఒళ్లు లేకపోతే ఒంటి వేడి ఎక్కడుంటుంది?"

దత్తు బయట చెట్టు కింద గుంపును చూశాడు. "మన లెక్కలో మనుషులు కదలరక్కా," అన్నాడు.

"మా వైపు కూడా కదలరు," అంది నిర్మల.

ఆ మాట ఆమె మామూలుగానే అంది. కానీ పక్కనే మీటర్ల తీగలు చుడుతున్న పాస్టరుగారి చెయ్యి ఆగింది. వేసవుల్లో చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూడా ఆ వైపు నుంచి ఒక్కరూ ప్రసంగం మధ్యలో లేచి బయటికి వెళ్లలేదు. ఆ సంగతి వేదిక మీద నిలబడే తనకు కనిపించాల్సిందని ఆయన అన్నారు. మగవాళ్లకు బయటికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆడవాళ్లకు అసలు ఆ ఆలోచనే రాలేదు అన్నారు కృపమ్మగారు. ఆమె అందులో ఎవర్నీ నిందించలేదు. కొత్త విషయం తెలిసినట్టు అన్నారు.

మత్తయిగారు మాత్రం చివరిదాకా కదలకుండా కూర్చున్నారు. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. నిర్మల దగ్గరికి వచ్చి, "దానమ్మ ఈ గుడిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదమ్మా. పునాది పడ్డాక పోయింది," అన్నారు. "బతికుంటే మొదటి వారమే నాతో అనేది. అద్దం పగలకుండా చేయించగలరా?"

పగలకుండా చేయవచ్చని ఆమెకు నమ్మకమే. అయినా నమ్మకం మీద వదిలేయకుండా తెనాలిలో అల్యూమినియం పని చేసే విష్ణువర్ధన్‌ను తీసుకొచ్చి చూపించింది. అతను ఒక్కో అద్దాన్నీ గోడలోంచి జాగ్రత్తగా విప్పి, చట్రంలో బిగించి, నడిమికి కీలు పెట్టాడు. కింద తాడు లాగితే అద్దం పై సగం లోపలికి, కింది సగం బయటికి వంగుతుంది. వాన పడితే మూసుకోవచ్చు. వాటిని బిగించేముందు దత్తు, నిర్మల ఇంకోసారి రెండు లెక్కల్నీ కలిపి కూర్చుని, ఎంత మేర తెరవాలో చూశారు. పడమటి వైపు అద్దాలు కూడా తెరిస్తే ఇంకా మేలనుకున్నారు కానీ, అక్కడ తెరిస్తే పైనుంచి వచ్చే గాలి వేడిని మళ్లీ తూర్పుకే నెడుతుందని తేలింది. అందుకని అటువైపు వాటిని అలాగే వదిలేశారు. స్లాబు మీద తెల్ల సున్నం వేయించమని కూడా చెప్పారు. కమిటీ దానికి వెంటనే ఒప్పుకుంది.

మరుసటి వేసవికి ఆడవాళ్లు తమ వైపే కూర్చున్నారు. ఉక్క పూర్తిగా పోలేదు. తూర్పు గోడ మీద పొద్దుటెండ ఎప్పటిలాగే పడుతుంది. కానీ పాటల పుస్తకాలు ఊగడం తగ్గింది. వేడి ఎక్కువైన రోజున ఎవరైనా లేచి చెట్టు కిందకు వెళ్లి కాసేపు నిలబడి రావచ్చని పాస్టరుగారు ప్రకటించారు. మొదట్లో ఎవరూ వెళ్లలేదు. తరవాత ఒక చంటిబిడ్డ తల్లి వెళ్లింది. "ఇప్పుడు ఒకటే ఇబ్బంది, ప్రసంగంలో నిద్రొస్తోంది," అని కృపమ్మగారు నిర్మలతో చెప్పారు.

ఆ ఏడే దత్తు తన క్లాసులో ఈ సంగతి చెప్పడానికి నిర్మలను బాపట్ల పిలిచాడు. ఆమె బోర్డు ముందు నిలబడడం అదే మొదటిసారి. మొదట రాసుకొచ్చిన కాగితం చూసి చదివింది కానీ, తళుకు కాగితాల దగ్గరికి వచ్చేసరికి భయం మరిచిపోయింది. చెప్పడం అయ్యాక గీతిక అనే అమ్మాయి లేచింది. పిట్టలవానిపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి.

"మేడమ్, లెక్క నిజంగా సరిపోయిందా? లేక సరిపోయేదాకా మార్చారా?"

క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. దత్తు ఏదో చెప్పబోయాడు. నిర్మలే ముందు అందుకుంది.

"కొంత మార్చాం. మనుషులు లేచి వెళ్లారని తెలిశాక వాళ్లను తీసేసి మళ్లీ కట్టాం, అప్పుడు దగ్గరకొచ్చింది. అది మోసం కాదనే అనుకుంటున్నాను. కానీ ఇప్పటికీ ఒక చోట కుదరదు. ముందు వరసలో, ఎడమవైపు, కీర్తనలకు వాయించే కీబోర్డు పెట్టే మూల ఉంది. మా లెక్క చెప్పేదానికన్నా అక్కడ ఎప్పుడూ ఒక డిగ్రీ పైగా చల్లగా ఉంటుంది. ఎందుకో మాకు తెలియదు."

"నేల కింద ఏమైనా ఉందేమో మేడమ్. పాత బావిలాంటిది."

"అదే నాకూ అనుమానం. మత్తయిగారిని అడిగితే పాత గుడి రోజుల్లో అక్కడ ఏముండేదో ఆయనకు గుర్తు లేదన్నారు. ఇంకా పెద్దవాళ్లను అడగాలి."

గీతిక కూర్చోలేదు. "నేను వచ్చి చూడొచ్చా?"

ఆ శనివారం ఉదయం నిర్మల గుడి తాళం తీసేసరికి గీతిక వాకిట్లో నిలబడి ఉంది. ఇద్దరూ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లారు. కీబోర్డును పక్కకు జరిపి, చాప తీసి, ఆ మూల నేల మీద అరచేతులు ఆనించి కూర్చున్నారు. తరవాత జరిగి, పక్క గచ్చు మీద ఆనించి చూశారు. మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఇక్కడి నుంచి ఇక్కడి దాకా," అంది గీతిక, సుద్దముక్కతో మెల్లగా గీత గీస్తూ.